పాస్టరుగారికి పోస్ట్: కళ్ళు లేని మా అక్కతో చూసిన ఫిన్లాండ్ సినిమా

సినిమా పేరు ఇంగ్లీషులో ‘లెటర్స్ టు ఫాదర్ జేకబ్’. వాళ్ళ భాషలో ‘పోస్తియా పప్పి యాకోబిల్లె’. 2009లో వచ్చింది. పప్పి అని విని మా మనవరాలు కుక్కపిల్ల సినిమా అనుకుని వచ్చి కూర్చుంది. పది నిమిషాలు చూసి, కుక్కా లేదు పాటా లేదు అని లేచిపోయింది. పప్పి అంటే వాళ్ళ భాషలో పాస్టరు. పోస్తియా అంటే మన పోస్టే. ఆ మాట కోసమే నేను కూర్చున్నా.

సింగరాయకొండ చుట్టుపక్కల ఊళ్ళలో 36 ఏళ్ళు పోస్ట్‌మాన్‌గా తిరిగి 2014లో రిటైరయ్యాను. ఎండలో, ఉప్పుగాలిలో, నవంబరు వాయుగుండాల్లో సైకిలు తొక్కినవాణ్ణి. సినిమాలో పోస్ట్‌మాన్ కనబడితే హీరోని వదిలేసి వాణ్ణే చూస్తా. సంచి ఏ భుజానికి వేసుకున్నాడు, సైకిలు స్టాండు వేశాడా గోడకానించాడా అని. కాబట్టి ఇది సినిమా పండితుడి సమీక్ష కాదు, పోస్ట్‌మాన్‌ది అనుకోండి.

డిస్కు మా అమ్మాయి హైదరాబాదు నుంచి తెచ్చింది. "నాన్నా, ఇందులో కొట్లాటల్లేవు, నీకు నచ్చుద్ది" అంది. తెలుగు డబ్బింగు లేదు, అడుగున ఇంగ్లీషు అక్షరాలు పడతాయి. చిక్కేమిటంటే మా అక్క కూడా చూస్తానంది. అక్కకు 78. నీటికాసులు వచ్చి రెండు కళ్ళూ పోయి ఆరేళ్ళయింది. ఒంగోలులో కొన్నాళ్ళు, మా ఇంట్లో కొన్నాళ్ళు ఉంటుంది. "నువ్వు చదువు, నేను వింటా. మొన్నటిదాకా ఊరంతటికీ చదివిపెట్టావు, నాకు చదివితే ఏం పొయ్యింది?" అంది. సరేనని అక్క పక్కన కుర్చీ వేసుకుని, ఇంగ్లీషులో వచ్చిన ప్రతి మాటా తెలుగు చేసి గట్టిగా చదివాను. మాటలు తక్కువ కాబట్టి సరిపోయింది. మన సినిమా అయితే మొదటి రీలుకే గొంతు పోయేది.

కథ చిన్నదే. 1970ల నాటి ఫిన్లాండ్. లైలా అనే ఆవిడ హత్య చేసి యావజ్జీవ శిక్ష పడి జైల్లో ఉంటుంది. ఆమెకు క్షమాభిక్ష వస్తుంది. పోవడానికి చోటు లేదు. పల్లెలో ఒక ముసలి పాస్టరుగారి దగ్గర పని ఉంది పొమ్మంటారు. ఆయన పేరు జేకబ్, మన యాకోబు. గుడ్డివాడు. ఆమె పనల్లా ఆయనకు వచ్చే ఉత్తరాలు చదివిపెట్టడం, ఆయన చెప్పిన జవాబు రాయడం. ఎక్కడెక్కడి వాళ్ళో తమ కోసం ప్రార్థన చెయ్యమని రాస్తుంటారు. మా చర్చిలో బుధవారం కూటానికి ప్రార్థన విన్నపాల చీటీలు వేస్తారు, అట్టాంటివే. ఒకరికి బిడ్డ జబ్బు, ఒకరికి మొగుడి బాధ. ఆయన చేతులు ముడుచుకుని కూర్చుని, వాళ్ళంతా ఎదురుగా ఉన్నట్టే పేరుపేరునా దేవుడికి చెప్పుకుంటాడు. పాత ఉత్తరాలన్నీ మంచం కింద దాచుకుంటాడు.

ఇంగ్లీషు పేరులో ఫాదర్ అన్నారు గానీ ఆయన కాథలిక్ కాదు. అక్కడ ఎక్కువమంది లూథరన్లు. మన వైపు గుంటూరు లూథరన్లది, నెల్లూరు ఒంగోళ్ళు బాప్టిస్టులవి. కాబట్టి నేను ‘అయ్యగారు’ అనే చదివాను. అక్కకు అదే సుఖంగా ఉంది.

లైలా వచ్చీ రాగానే ఇంటిపని చెయ్యనని చెప్పేస్తుంది. మొహంలో నవ్వు లేదు. నిలబడే తీరు కూడా ఇంకా జైల్లో ఉన్నట్టే ఉంటుంది. ఈ పాత్ర వేసింది కారీనా హజార్డ్. ఆ దేశంలో ఆవిడ పత్రికలకు రాసే మనిషి కూడా. నేను చూసిన నటుల్లో ఇంత తక్కువ చేసి ఇంత భయపెట్టినవాళ్ళు లేరు. పాస్టరుగా వేసిన హెయిక్కి నౌసియాయినెన్ గుడ్డివాడిగా నటించడు, గుడ్డివాడిగా ఉంటాడు. తేడా నాకు తెలుసు. మన సినిమాల్లో గుడ్డివాళ్ళు చేతులు ముందుకు చాపి గాలిని పట్టుకుంటుంటారు. సొంత ఇంట్లో గుడ్డివాళ్ళు అట్టా నడవరు. మా అక్క వంటింట్లోకి నాకంటే గబగబా పోతుంది. బిందె జరిపి పెడితే మాత్రం తిడుతుంది.

ఇంక పోస్ట్‌మాన్. యుక్కా కెయినోనెన్ అనే ఆయన వేశాడు. సైకిలు మీద వచ్చి, పాస్టరుగారికి ఉత్తరాలు అని కేకవేసి ఇస్తాడు. మొదట్లో బాగుంది. లైలా హంతకురాలని తెలిసి భయపడతాడు, అదీ అర్థమైంది. హంతకుడికి రిజిస్టరు ఉత్తరం ఇచ్చి సంతకం పెట్టించుకోవడం నాకూ ఒకసారి పడింది, చెయ్యి వణికింది. అయితే ఆ భయాన్ని సాగదీశారు. రోజూ వచ్చే మనిషికి నాలుగు రోజుల్లో భయం పోతుంది, ఐదో రోజు మంచినీళ్ళు అడుగుతాడు. పోస్ట్‌మాన్ బతుకంతా ఆ మంచినీళ్ళ మీదే గదా నడిచింది. సినిమాలో వాడు ఆ మంచినీళ్ళు అడగడు. రాసినవాళ్ళెవరూ సంచి మోసినట్టు లేదు.

నాకు అన్నిటికంటే కష్టమైన చోటు వేరే. లైలాకు విసుగొచ్చి కొన్ని ఉత్తరాలు చదవకుండానే పారేస్తుంది. అది చూసి నోట మాట రాలేదు. అక్క "ఏమైంది, ఆగిపోయావే?" అంది. "ఉత్తరాలు పారేసింది" అన్నా. "మనిషిని చంపిందన్నప్పుడు మామూలుగానే చదివావు గదరా" అంది. నిజమే. మాకు ట్రైనింగులో నూరిపోసింది అదొక్కటే. పదిహేను పైసల కార్డయినా సరే, రాసినవాడిది, అందుకునేవాడిది, నీది కాదు.

ఒక రోజు నుంచి ఉత్తరాలు రావడం మానేస్తాయి. అంతే. దర్శకుడు క్లౌస్ హారో పెట్టిన పెద్ద మలుపు అదే. ఒక మనిషికి ఉత్తరాలు ఆగిపోతే ఏమవుతుందో మా వృత్తిలోవాళ్ళకు బాగా తెలుసు. అరుగు మీద కూర్చున్న మనిషి నేను కనబడగానే సగం లేస్తాడు. లేదు అన్నట్టు చెయ్యి ఊపుతాను. మళ్ళీ కూర్చుంటాడు. పదిరోజులు అట్టా జరిగాక లేవడం మానేస్తాడు, తల తిప్పి చూస్తాడంతే. ఇంకో నెలకు చూడడు కూడా. నౌసియాయినెన్ ఆ మూడూ చేశాడు. కళ్ళు లేని పాత్ర కాబట్టి చెవి తిప్పాడు.

ఇక్కడి నుంచి కథలో గుట్టు విప్పుతున్నా. ముందే తెలియడం ఇష్టం లేనివాళ్ళు మిగతాది చూసి వచ్చి చదవండి.

పాస్టరుగారు ఒక రోజు చర్చిలో పెళ్ళి ఉందనుకుని తయారై బయల్దేరతాడు. చర్చిలో ఎవరూ ఉండరు. లైలా ఆయన్ని అక్కడే వదిలేసి వచ్చేస్తుంది. ఇంతకాలం తనే వాళ్ళ కోసం ప్రార్థన చేస్తున్నాననుకున్నాడు గానీ, ఆ ఉత్తరాలన్నీ దేవుడు తన కోసమే పంపించాడేమో, తనను నిలబెట్టడానికేనేమో అని ఆయనకు తోస్తుంది. ఇక్కడ అక్క ‘ఊఁ’ అంది. 40 ఏళ్ళు సండే స్కూలు చెప్పిన మనిషి, ‘ఊఁ’ ఊరికే అనదు.

లైలా ఏమో టాక్సీ పిలిపించుకుని ఎక్కుతుంది. ఎక్కడికి పోవాలని డ్రైవరు అడుగుతాడు. చెప్పడానికి ఊరు లేదు. కారు కదలదు, ఆమె మాట్లాడదు. "ఆపరా కాసేపు" అంది అక్క. ఆపి మంచినీళ్ళు తెచ్చిచ్చా. తాగి, గ్లాసు ఒళ్ళో పెట్టుకుని, ఇంక పెట్టమంది. తర్వాత లైలా ఉరి దాకా పోతుంది. అది నేను నాలుగు మాటల్లో దాటేశాను, సినిమా కూడా ఎక్కువ లాగలేదు.

మధ్యలో అక్క వేసిన ప్రశ్న ఒకటి రాయకుండా ఉండలేను. "మన ఒంగోలు క్లౌ దొరగారు ఒక్క రోజులో 2222 మందికి బాప్తిస్మం ఇచ్చాడు. ఈ అయ్యగారు ఒకత్తిని దారికి తేవడానికి ఇన్ని తిప్పలు పడుతున్నాడేందిరా?" క్లౌ అంటే అమెరికా నుంచి వచ్చిన బాప్టిస్టు మిషనరీ. మా వైపు ఆ అంకె చిన్నపిల్లలకు కూడా తెలుసు. 1878 జులై 3, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏరు. నేను ఊరుకోకుండా సరిచేశా: "దొరగారు స్వయంగా నీళ్ళలోకి దిగలేదక్కా, ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులేసుకున్నారు. దానికి ముందు రెండేళ్ళ కరువు. బకింగ్‌హామ్ కాలవలో కొంత కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలిపని చూపించాడు." "అదే చెప్తన్నా, అన్నం పెట్టాకే గదా నీళ్ళలో దిగారు. ఈ అయ్యగారు ఏం పెట్టాడు?" అంది. అప్పటికి నా దగ్గర జవాబు లేదు. సినిమా ఆఖరున దొరికింది.

ఆఖరి భాగం ఇది. ఉత్తరాలు లేక ముసలాయన మంచాన పడబోతుంటే లైలా మనసు కరుగుతుంది. పోస్టు వచ్చిందని చెప్పి ఆయన్ని బయట కూర్చోబెడుతుంది. చేతిలో ఉన్నది ఉత్తరం కాదు, ఏదో పత్రిక. అందులోంచి చదువుతున్నట్టు లేని ఉత్తరాన్ని అల్లడం మొదలుపెడుతుంది. గొంతు తడబడుతుంది. ఆయనకు తెలిసిపోతుంది.

నా సంగతి ఒకటి చెప్పాలిక్కడ. ఎనభైల్లో నా బీటులో సముద్రం ఒడ్డు పల్లెపాలెం ఒకటి ఉండేది. అందులో ఒక ముసలామె. కొడుకు మద్రాసు కాసిమేడులో లాంచీల మీద పనిచేసేవాడు. నెలకొకసారి మనియార్డరు పంపేవాడు. ఫారం అడుగున కూపన్ ముక్క మీద రెండు మూడు వాక్యాలు రాయడానికి చోటుండేది. డబ్బు లెక్కపెట్టి ఇచ్చి, వేలిముద్ర వేయించుకుని, ఆ ముక్క చదివి వినిపించాల్సి వచ్చేది. డబ్బు కొంగున ముడేసుకునేది గానీ ఆమె చెవంతా ఆ ముక్క మీదే. ఒక నెల ముక్క ఖాళీగా వచ్చింది. ఏమీ రాయలేదు. ఆమె మొహం చూసి చెప్పలేకపోయా. ముక్క చేతిలో పట్టుకుని, "అమ్మా, నేను క్షేమం. నువ్వు క్షేమమని తలుస్తాను. వేట బాగుంది. పండక్కి వస్తాను" అని చదివేశా. ఎంత చక్కగా చదివానో అనుకున్నా. ఆమె కాసేపు ఊరుకుని, "నారిగాణ్ణి అడగలేదే?" అంది.

నారిగాడు వాళ్ళ కుక్క. కొడుకు ప్రతి నెలా అడిగేవాడు, నేనే చదివి వినిపించేవాణ్ణి. మర్చిపోయా. ఎండ మాడు మీద ఉంది. నాకు చెమట కారిపోయింది. అబద్ధమని ఒప్పుకుందామని నోరు తెరిచా. ఆమె నా మొహంకేసి చూడకుండా, ఎండబెట్టిన నెత్తళ్ళు తిరగేస్తూ, "ఇంకోసారి చదువు అబ్బయా" అంది. చదివా. ఈసారి నారిగాణ్ణి కలిపి చదివా.

ఆ సంగతి ఇంతవరకు ఇంట్లో కూడా చెప్పలేదు. అందుకని ఆ పత్రిక సీను వచ్చినప్పుడు నేను అక్షరాలు చదవడం మానేసి తెర చూస్తూ కూర్చున్నా. అక్క మోచేత్తో పొడిచింది.

లైలా అల్లిన ఉత్తరం మధ్యలో తెగిపోతుంది. తర్వాత ఆమె నోట్లోంచి వచ్చేది ఎవరి ఉత్తరమూ కాదు, తన కథే. చిన్నప్పుడు తల్లి కొడుతుంటే అక్క అడ్డం పడి ఆ దెబ్బలు తను తినేది. ఆ అక్కకు పెళ్ళయింది. మొగుడు కొట్టేవాడు. లైలా చంపింది వాణ్ణి. అక్కకు ఇల్లు లేకుండా చేశానని, ఆమె తనను క్షమించదని జైల్లో ఎవరినీ రానివ్వలేదు. ఇదంతా హజార్డ్ మొహంలో ఒక్క నరం కదలకుండా చెబుతుంది. కెమెరా ఎక్కడికీ పారిపోదు.

నేను మాత్రం పారిపోయా. మొగుడు కొట్టే మాట దగ్గర ఒక వాక్యం మింగేసి తర్వాతది చదివా. మా బావ సంగతి ఇక్కడ రాయను. ఆయన పోయి కూడా చాలా కాలమైంది. అక్క తల తిప్పకుండా అంది: "ఏదో మింగావు. చదువు." వెనక్కి తిప్పి చదివా.

అప్పుడు ముసలాయన లోపలికి పోయి పాత ఉత్తరాల కట్ట తెస్తాడు. లైలా అక్క రాసినవి. ఏళ్ళ తరబడి ఆయనకే రాసింది, నా చెల్లెల్ని కాపాడమని. క్షమాభిక్ష కోసం తిరిగింది కూడా ఈ ముసలాయనే. అంటే లైలా ఆ ఇంటికి ఉత్తరాలు చదవడానికి వచ్చిందనుకుంటే, ఆమె గురించి వచ్చిన ఉత్తరాలే ఆమె కోసం అక్కడ మంచం కింద కాసుకుని ఉన్నాయి. "ఏం పెట్టాడు అన్నావే, ఇదక్కా ఆయన పెట్టిన అన్నం" అన్నా. అక్క పలకలేదు.

ఒప్పుకోని విషయాలు కూడా చెప్పాలి. గుట్టు విప్పిన తర్వాత ముగింపు మరీ తొందరపడింది. గంటంపావు సినిమాలో గంటసేపు పాదం ముందు పాదం వేసి నడిచి, చివర పరిగెత్తారు. పాస్టరుగారికి ఆఖరున జరిగేది జరగాల్సిందే, కాదనను, అయినా ఇంకో ఐదు నిమిషాలు కూర్చోనిచ్చి ఉంటే బాగుండు. కొన్నిచోట్ల సంగీతం మనకంటే ముందే ఏడుస్తుంది. ఆ ఉత్తరాలు ఒక్కసారిగా అన్నీ ఎందుకు ఆగిపోయాయో గట్టిగా అడిగితే కథకు జవాబు లేదు. పోస్టాఫీసు లెక్కలో అది కుదరదు. టపా తగ్గుద్దిగానీ తెగదు. మన దగ్గర టెలిగ్రాం 2013లో తెగింది గానీ ఉత్తరం తెగలేదు, బ్యాంకు నోటీసులయినా వస్తున్నాయి. ఇక అడుగున వేసిన అక్షరాలు తెల్లవి. వెనక తెల్ల గోడో ఆకాశమో ఉన్నప్పుడల్లా నేను కళ్ళు చికిలించి ఊహించి చదివా. అక్క అవీ కనిపెట్టింది.

వాళ్ళ దేశంలో సినిమాలకిచ్చే యూసీ అవార్డుల్లో ఇది ఉత్తమ చిత్రం. ఆస్కారుకు కూడా ఆ దేశం తరఫున దీన్నే పంపారు, ఆఖరి ఐదింటిలోకి రాలేదు. రాకపోవడం నాకు ఆశ్చర్యమేమీ లేదు. ఇది చప్పట్లు కొట్టించే సరుకు కాదు.

భక్తి సినిమా అనగానే మనకు ఆకాశం నుంచి వెలుగు పడాలి, కుంటివాడు నడవాలి, ఆఖర్న అందరూ చేతులెత్తాలి. ఇందులో అవేమీ లేవు. లైలా మోకరించదు, సాక్ష్యం చెప్పదు, చర్చిలో చేరదు. మా సంఘంలో ఒకాయనకు ఇదే లోటుగా కనబడింది. రక్షణ పొందినట్టు స్పష్టంగా చూపించలేదు గదా అన్నాడు. నాకైతే అదే నచ్చింది. దేవుణ్ణి నమ్మనివాళ్ళు కూడా కూర్చుని చూడగలరు. పిల్లలతో కాదు, ఉరి సీను ఉంది. భోజనం చేసి చూడకండి, నిద్రొస్తుంది. పొద్దుగూకే వేళ, ఫ్యాను చప్పుడు తగ్గించి చూడండి. చినుకులు, కాగితం చప్పుడు, సైకిలు చప్పుడు వినబడాలి. కళ్ళు లేనివాళ్ళు ఇంట్లో ఉంటే పక్కన కూర్చోబెట్టుకోండి. సగం సినిమా చెవులకే తీశారు.

నా లెక్కలో ఐదు స్టాంపులకు నాలుగు. ఐదోది పోస్ట్‌మాన్ మంచినీళ్ళు అడిగి ఉంటే అతికించేవాణ్ణి. అక్కను అడిగితే "ఆ అయ్యగారు ప్రార్థన చేసేటప్పుడు నువ్వు గొంతు మార్చి చదివావు, మార్చకుండా ఉండాల్సింది" అని నాకే మార్కులు తగ్గించింది.

డిస్కు కావలసినవాళ్ళు అడగండి అని రాద్దామనుకున్నా గానీ, అది మా పాస్టరుగారు పట్టుకుపోయి మూడు వారాలైంది. అడిగితే, ఇంకొక్కసారి చూసి ఇస్తానంటున్నారు.